మాజీ ఎమ్మెల్యే అక్క కొట్టు పెడితే తప్పేంటి?

పోస్టు కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

మన రంపచోడవరం నియోజకవర్గం వరసగా మూడు ఎన్నికల్లో ఆడబిడ్డలనే అసెంబ్లీకి పంపింది. 2014లో వంతల రాజేశ్వరి గారు, 2019లో నాగులపల్లి ధనలక్ష్మి గారు, 2024లో మిరియాల శిరీషాదేవి గారు. రాష్ట్రం మొత్తం చూసినా లెక్క ఇలాగే ఉంది. ఉన్న 7 ఎస్టీ సీట్లలో 2014లో నలుగురు, 2019లో నలుగురు, 2024లో ముగ్గురు మహిళలు గెలిచారు. కింద మైదానంలో ఆడవాళ్లకి టికెట్ ఇవ్వాలంటే వంద లెక్కలు వేసే పార్టీలు, మన దగ్గరికి వచ్చేసరికి ఇంత ఉదారంగా ఎందుకుంటాయో మాకు అనుమానమే. చెప్పినట్టు వింటారనుకుంటారేమో. అయినా గెలిచింది మనోళ్లు, ఓటేసింది మనం. అది గర్వంగానే చెప్పుకుందాం.

మా ప్రశ్న ఆ తర్వాతి సంగతి. ఐదేళ్లయ్యాక వీళ్లు ఏం చేస్తారు? టికెట్ రాకపోయినా, ఓడిపోయినా మనం చూసేది రెండే దారులు. ఒకటి పార్టీ మారడం. రెండోది, ఉన్న పార్టీలోనే మళ్లీ టికెట్ కోసం ఎదురుచూస్తూ పెళ్లిళ్లకీ చావులకీ తిరగడం. ఎమ్మెల్యేగా చేసి, ఆ తర్వాత వ్యాపారంలో నిలబడి పదిమందికి పని చూపించిన ఆడమనిషి పేరు చెప్పమంటే మన ఏజెన్సీలో ఎవరి నోటా ఒక్క పేరూ రాలేదు. మేం చాలామందిని అడిగాం.

చిత్తూరు వైపు గల్లా అరుణకుమారి గారిని చూడండి. చంద్రగిరి నుంచి 4 సార్లు గెలిచారు, మంత్రిగా చేశారు, 2014లో పార్టీ మారి ఓడిపోయారు. ఓడిపోతే ఏమైంది? 1985లో భర్త పెట్టిన అమరరాజా కంపెనీ ఇంట్లో ఉంది. రాజకీయం పోయినా చేతిలో ఇంకోటుంది. మన డెల్టా నాయకుల సంగతీ అంతే. రైసు మిల్లో, చేపల చెరువులో, కాలేజీయో ముందుంటుంది, దాని వెనక రాజకీయం వస్తుంది. మన అక్కలకి ముందూ లేదు, వెనకా లేదు.

మరి మనోళ్లు ఎక్కడ నుంచి వస్తున్నారు? శిరీషాదేవి గారు అంగన్‌వాడీలో పనిచేశారు. కురుపాంలో రెండుసార్లు గెలిచి ఉప ముఖ్యమంత్రి అయిన పాముల పుష్పశ్రీవాణి గారు అప్పటి పశ్చిమ గోదావరి బుట్టాయిగూడెం వైపు పుట్టినావిడే, ఆవిడ టీచరు. పాడేరులో గిడ్డి ఈశ్వరి గారూ టీచరే. చదువుకున్న గిరిజన ఆడపిల్లకి ఊళ్లో గౌరవం తెచ్చేది సర్కారు జీతం. ఆ గౌరవం మీద నుంచే టికెట్ వస్తోంది. చదువు, ఉద్యోగం, తర్వాత రాజకీయం. మన నిచ్చెన అంతే.

ఆ నిచ్చెనలో కింది మెట్టు 2020లో విరిగింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో జీవో 3 ఇచ్చారు. దాన్ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. డీఎస్సీకి చదువుతున్న మన చెల్లెళ్లకి ఇది చెప్పక్కర్లేదు, వాళ్ల పుస్తకాల మీదే పడింది ఆ పిడుగు. జీవో కోసం పోరాటం చేయాల్సిందే, చేస్తున్నాం కూడా. కానీ మొత్తం జాతి ఆశంతా ఒక్క జీవో మీద వేలాడటం ఏంటి? రెండో నిచ్చెన ఒకటుండాలా వద్దా?

వ్యాపారానికి సరుకు మన దగ్గర లేదా అంటే, అదే నవ్వొచ్చే విషయం. జీడిపిక్కలు, చింతపండు, కొండచీపుర్లు, తేనె, కుంకుడు, అడ్డాకు. అడ్డతీగల, రాజవొమ్మంగి వైపు జీడితోటలు ఎన్నున్నాయో మీకు తెలుసు. పిక్క సంతలో అమ్మేస్తాం. పప్పు అయ్యేది కింద. మోరి జీడిపప్పు అంటే గోదావరి జిల్లాల్లో పేరు తెలియని వాళ్లు లేరు. అక్కడ కూడా పిక్క కొట్టి చేతులు నల్లబడేది ఆడవాళ్లకే, వాళ్లమీద మాకేం కోపం లేదు. కానీ పిక్కకీ పప్పుకీ మధ్య పెరిగే ధరలో మన ఊరికి ఎంత మిగిలింది? మారేడుమిల్లి రోడ్డు మీద బొంగులో చికెన్ చూడండి. అది మన వంట, మన వెదురు. కారుల్లో వచ్చి తినిపోయే వాళ్లకి రిసార్టులు నడిపేది ఎవరు, బొంగు కొట్టి తెచ్చేది ఎవరు?

చట్టం అడ్డం అని కొందరంటారు. అడ్డం కాదు. 1979 రెగ్యులేషన్‌తో అటవీ ఉత్పత్తులు కొనే గుత్త హక్కు జీసీసీకి ఇచ్చారు, నిజమే. కానీ 1996 పెసా చట్టం వాటిని గ్రామసభ సొంతం చేసింది. 2006 అటవీ హక్కుల చట్టం సేకరించడమే కాదు, అమ్ముకునే హక్కు కూడా మనకే ఇచ్చింది, వెదురుతో సహా. డబ్బు సంగతంటే 2018లో వన్‌ధన్ పథకం వచ్చింది, 300 మంది కలిసి ఒక కేంద్రం పెట్టుకుంటే 15 లక్షల దాకా ఇస్తారు. 2016 నుంచి 2025 దాకా స్టాండప్ ఇండియా ఉండేది, 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా అప్పు. ప్రతి బ్యాంకు బ్రాంచీ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకి ఇవ్వాల్సి ఉండేది. గిరిజన మహిళ ఆ రెండు లెక్కల్లోనూ వచ్చేది.

కాగితం మీద ఇంత బాగుంది. మన గ్రూపులో డిగ్రీ అయిన ఒక చెల్లి తేనె ప్యాకింగ్ పెడదామని ఒక బ్యాంకుకి వెళితే, మూడుసార్లు తిప్పి, చివరికి "మైదానంలో ఆస్తి ఉన్నవాళ్లెవరినైనా హామీ తీసుకురా" అన్నారు. 1/70 భూమి తాకట్టుకి పనికిరాదని వాళ్ల భయం. ఆ చెల్లి ఇప్పుడు రాజమండ్రిలో ఒక బట్టల షాపులో నిలబడుతోంది.

ఇక్కడే మాజీ ఎమ్మెల్యే గుర్తొచ్చేది. అదే బ్యాంకులోకి ఆవిడ వెళితే మేనేజరు లేచి కుర్చీ వేస్తాడు. ఐటీడీఏ పీవో ఫోను ఎత్తుతాడు. మన మండలాల్లో ఏ గూడెంలో ఏం పండుతుందో, ఏ సంతకి ఏ షావుకారు వస్తాడో ఆవిడకి తెలుసు. ఐదేళ్లలో సంపాదించిన అసలు ఆస్తి అది. ఆ ఆస్తి టికెట్ కోసం విజయవాడ చుట్టూ తిరగడంలో అరిగిపోతోంది. ఒక జీడిపప్పు యూనిట్ పెట్టి, ముప్పై మంది మన ఆడవాళ్లని పెట్టుకుని, పప్పు ప్యాకెట్ మీద రంపచోడవరం అని రాసి అమ్మితే అది ఎమ్మెల్యే పదవికి తక్కువ పనా?

"నాయకులు వ్యాపారం చేస్తే దోపిడీయే కదా" అని వెంటనే కామెంట్ పడుతుంది, మాకు తెలుసు. క్వారీలు, ఇసుక, కాంట్రాక్టు బిల్లులు, అవన్నీ చూశాం. అది వ్యాపారం కాదు, పదవిని అమ్ముకోవడం. పదవిలో ఉన్నవాళ్లు ప్రభుత్వ కాంట్రాక్టు తీసుకుంటే ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఏ సెక్షన్ కింద పదవే పోతుంది. సరుకు తయారుచేసి బజారులో అమ్ముకోవడం వేరు. ఆ తేడా మనం పట్టుకోవాలి.

పట్టుకోకపోవడానికి ఒక కారణం మనలోనే ఉందని మా అభిప్రాయం. కుంజా బొజ్జి గారు మూడుసార్లు, సున్నం రాజయ్య గారు మూడుసార్లు భద్రాచలం ఎమ్మెల్యేలు. ఇద్దరూ పేదగానే బతికి పేదగానే పోయారు. వాళ్లకి చేతులెత్తి దండం పెడతాం, ఆ నిజాయితీ మన ఆస్తి. కానీ ఆ దండంలో నుంచి ఇంకో మాట పుట్టింది, గిరిజనుడు డబ్బు సంపాదిస్తే చెడిపోయినట్టే అని. మగవాడు ట్రాక్టరు కొంటే ఓర్చుకుంటాం, ఆడమనిషి మిల్లు పెడితే "ఎక్కడిదమ్మా ఇంత డబ్బు" అంటాం. కింద నుంచి వచ్చి మన సెంటర్లో మూడంతస్తులు వేసినవాడిని మాత్రం ఆ మాట అడగం, షావుకారు గారూ అంటాం. చాలా చోట్ల లైసెన్సు మనోడి పేరు మీద ఉంటుంది, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది వేరేవాడు. పేరు అరువిచ్చినందుకు మనోడికి నెలకింత అని ముట్టజెబుతారు.

అందుకే ఒక పని మొదలుపెట్టాం. ఎవరి మండల కేంద్రంలో వాళ్లు సంత రోజు ఒక గంట తిరిగి రాయండి. షాపులెన్ని, మనోళ్లు నిజంగా నడిపేవి ఎన్ని, వాటిలో ఆడవాళ్లవి ఎన్ని. పేర్లు వద్దు, లెక్క చాలు. గంగవరం, అడ్డతీగల నుంచి వచ్చాయి. చింతూరు, కూనవరం, వై.రామవరం వాళ్లు ఇంకా పంపలేదు. అన్నీ వచ్చాక ఆ కాగితం పట్టుకుని ఇప్పటి ఎమ్మెల్యే అక్క దగ్గరికీ, ఇద్దరు మాజీ అక్కల దగ్గరికీ వెళ్దాం. ఏ పార్టీ అని చూడకుండా ముగ్గురినీ ఒకటే అడుగుదాం: హామీ సంతకానికి మైదానం వాడి దగ్గరికి పోకుండా మన చెల్లితో మీరు బ్యాంకుకి వస్తారా?