అప్పు ఆమె పేర... డబ్బు ఎవరి చేత?

సంఘంలో అప్పు తీసుకున్న ఇల్లాలికి ఇంట్లో దెబ్బలు తగ్గుతాయా, పెరుగుతాయా? చాలామంది తడుముకోకుండా 'తగ్గుతాయి' అంటారు. చేతిలో నాలుగు రూపాయలు ఆడితే మొగుడికైనా గౌరవం ఉంటుంది కదా అని!

అంత తేలిగ్గా తేలే లెక్క కాదిది. చిన్న అప్పులకు పేరుపడ్డ దేశం బంగ్లాదేశ్. రుణ సంఘాల్లో చేరిన ఆడవాళ్ల మీద దాడులు తక్కువని 1996లో అక్కడి పల్లెల్లో చేసిన ఓ అధ్యయనం చెప్పింది. అదే ఏడాది మరో పరిశీలన ఇంకో నిజం బయటపెట్టింది. అప్పు ఆమె పేరున ఉన్నా, చాలా ఇళ్లలో ఆ డబ్బు మీద పెత్తనం మగవాళ్లదే. వాడేది ఆయన, వాయిదా కట్టాల్సింది ఈమె. అడిగితే ఇంట్లో గొడవ. అడక్కపోతే సంఘంలో తలవంపులు.

మరి దారేది? దక్షిణాఫ్రికాలోని లింపోపో పల్లెల్లో అప్పుతో పాటు ఇంకో పని చేశారు. సంఘం సమావేశాల్లోనే ఇంటి హింస గురించి, ఆరోగ్యం గురించి ఆడవాళ్లతో మాట్లాడించారు. రెండేళ్లలో భర్తల, సహచరుల హింస 55 శాతం తగ్గిందని 2006లో 'లాన్సెట్' పత్రిక ప్రచురించింది. వట్టి అప్పు ఇచ్చి ఊరుకున్న చోట ఇల్లు కాస్త గడిచింది కానీ, హింసలో అలాంటి మార్పు కనపడలేదు.

ఈ పాఠం మనకు కొత్తేం కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు దిద్దుకుంటూ మాట్లాడుకున్నది, సారా తాగొచ్చి కొట్టే మొగుళ్ల గురించే. కలిసి వెళ్లి సారా దుకాణం మూయించారు. ఆ పోరు ఊరూరా పాకి, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు ఆ జిల్లాలో ఊపందుకున్నది ఆ ఉద్యమం వెనకే. ముందు నోరు లేచింది... తర్వాతే డబ్బు చేరింది.

కాబట్టి సంఘం అక్కలకు ఒక్క మాట. వాయిదా లెక్క చూశాక పుస్తకం మూసేసి లేచిపోకండి. ముఖం వాడిన చెల్లెల్ని పక్కకు పిలిచి, "అప్పు డబ్బు ఎవరు వాడారు? ఇంట్లో ఎలా ఉంది?" అని అడగండి. అవసరమైతే 181కి ఫోన్ చేయించండి. గృహహింస చట్టం 2006 నుంచి అమల్లో ఉందని చెప్పండి.

ఒకరి వాయిదాకు పదిమంది పూచీ పడుతున్నారు. ఒకరి ఒంటి మీది దెబ్బకు పడలేరా?