ఎఱ్ఱసిరా గీతలు

వ్యాసము వ్రాయించిన కొలది దినములకు ఉపాధ్యాయుడు పుస్తకములను తిరిగి పంచిపెట్టును. పిల్లలు మొదట చూచునది తమ మార్కులను. పిదప ప్రక్కవాని మార్కులను. ఎఱ్ఱసిరాతో దిద్దిన చోట్లను చదువువారు అరుదు. ఆ గీతల వెనుకనున్న శ్రమను లెక్కించి చూడుడు. పుస్తకమునకు 5 నిమిషముల వంతున 60 పుస్తకములకు 5 గంటలు పట్టును. ఆ శ్రమ యంతయు రెండు క్షణములలో సంచిలోనికి పోవుచున్నది.

ఇందు తప్పెవరిది? "కంటబడిన దోషమును దిద్దక విడిచినచో నా పని నేను చేయనట్లే గదా!" అని ఉపాధ్యాయుడనును. విద్యార్థియు దిద్దుట వలదనడు. "పుట యంతయు ఎఱ్ఱనైనచో ఏది పెద్ద తప్పో, ఏది చిన్న తప్పో తెలియదు. నేను చెప్పదలచిన సంగతి బాగున్నదో లేదో అయ్యవారు ఒక్క మాటయైన వ్రాయలేదు" అని మాత్రము అతని మనవి. ఇరువురి మాటలలోను న్యాయమున్నది. విద్యార్థి మనవిలో కొంచెము ఎక్కువ యున్నది.

నోటితో దిద్దునపుడును ఇట్టి చిక్కే కలదు. కెనడా దేశమున ఫ్రెంచిభాష నేర్చుకొను పిల్లల తరగతులను రాయ్ లిస్టర్, లైలా రాంటా అను పరిశోధకులు పరిశీలించి, 1997లో తాము కనుగొన్న విషయములను ప్రకటించిరి. అచటి దిద్దుబాట్లలో సగమునకు పైగా ఒకే తీరువి: పిల్లవాడు తప్పుగా పలికిన వాక్యమును ఉపాధ్యాయుడే సరిగా పలికి ముందునకు సాగుట. అట్లు దిద్దినపుడు పిల్లలు తమ మాటను సరిచేసికొనుట తక్కువగా నుండెను. కారణమును ఊహించుట కష్టము కాదు. ఇంట వేఱొక భాష మాటలాడు బాలుడు తెలుగు తరగతిలో "మా అక్క వచ్చినాడు" అనెననుకొందము. "ఓహో, మీ అక్క వచ్చినదా?" అని ఉపాధ్యాయుడనును. "అవునండీ" అని బాలుడు కూర్చుండును. దిద్దుబాటును అతడు ప్రశ్న యనుకొనెను! "అక్కను గూర్చి అట్లందుమా? మఱల చెప్పుము" అని, ఒక నిమిషము ఓపిక పట్టినచో, సరియైన మాట అతని నోటినుండియే రావచ్చును. తప్పును బట్టి విద్యార్థి ఎంతవఱకు నేర్చెనో తెలిసికొనవచ్చునని పిట్ కార్డర్ 1967లోనే వ్రాసెను. ఈ బాలుడు భూతకాలమును నేర్చెను. లింగభేదము మాత్రము మిగిలియున్నది.

అన్యభాషా రచనలో వ్యాకరణదోషములను దిద్దుట వలన మేలు లేదని జాన్ ట్రస్కాట్ 1996లో వాదించెను. 1999లో డానా ఫెరిస్ ఆ వాదమును ఖండించెను. ఆ వివాదమెట్లున్నను, మన బడులలో దిద్దుట మానరాదు. ఒక్క అక్షరము మారినచో అర్థమే మారు సందర్భములు తెలుగున పెక్కు. "ఈ పద్యమునకు అర్ధము వ్రాసితిని" అని వ్రాసిన విద్యార్థి, సగమే వ్రాసితినని ఒప్పుకొన్నట్లగును! అచట ఉపాధ్యాయుడే 'థ'కారమును వ్రాసియిచ్చినచో విద్యార్థి చూచును, మఱచును. పదము క్రింద గీత గీచి, అంచున "సగమేనా?" అని వ్రాసినచో, నవ్వుకొని, నిఘంటువు తెఱచి, తానే దిద్దుకొనును.

కనుక ఒక్కొక్క వ్యాసమున రెండు మూడు విధముల దోషములను మాత్రమే గుర్తించుట మేలు. సంగతిని గూర్చి ఒక వాక్యమైనను వ్రాయవలెను. పుస్తకము లిచ్చిన పీరియడులోనే దిద్దుకొనుటకు 15 నిమిషములు విడిచి, మార్కులను ఆ తరువాతనే వేయవలెను. పాఠములు వెనుకబడునని కొందఱు ఉపాధ్యాయులు జంకుదురు. ఆ జంకు ఉత్తది కాదు. విద్యార్థియు గీత యెందులకో తెలియనిచో లేచి అడుగవలెను. విసుగుకొనని ఉపాధ్యాయుని తరగతిలో ఇది తేలికగా జరుగును. తక్కినచోట్ల మొదటి ప్రశ్న అడుగువానికి కొంత ధైర్యము కావలెను.