మూలమును మీఱిన చలనచిత్రములు – అభిమానుల యాగ్రహము

మూలగ్రంథమును మీఱి తీసిన చలనచిత్రమును జూచి యభిమానులు కోపించుట లోకమున నూతనము గాదు. అమెరికాదేశమున ఐజాక్ అసిమోవ్ అను రచయిత 1950వ సంవత్సరమున "ఐ, రోబోట్" అను వైజ్ఞానిక కల్పితకథల సంపుటమును ప్రకటించెను. మనుష్యుడు చేసిన యంత్రము మనుష్యునిపైననే తిరుగబడునను కథలు చదివి చదివి విసిగినవాడై, అట్లు తిరుగబడనేరని యంత్రపురుషుల నాతడు కల్పించెను. 2004లో ఆ పేరుతోనే వెలువడిన చిత్రమందు యంత్రపురుషులు గుంపులుగట్టి నగరవీధులలో మనుష్యులపై బడిరి. పుస్తకమును ప్రేమించిన పాఠకులు కోపింపక యేమి చేయుదురు?

మన తెలుగునాట నిట్టి కథలకై కలహించువా రరుదు. హెచ్. జి. వెల్సు 1895లో వ్రాసిన కాలయంత్రకథ ప్రేరణగా శ్రీ సింగీతము శ్రీనివాసరావుగారు 1991లో "ఆదిత్య 369" తీసిరి. వెల్సుని ప్రయాణికుడు 8,02,701వ సంవత్సరమునకు బోగా, మన కథానాయకుడు 1526లో శ్రీకృష్ణదేవరాయల కొలువునకు బోయి, అటుపిమ్మట 2504వ సంవత్సరమును జూచివచ్చెను. మూలము చెడెనని యొక్కరైన మొఱపెట్టిన జాడ లేదు. వెల్సును చదివినవారు మనలో నెందఱు గనుక? మనకు కోపము రావలెనన్న భారత రామాయణముల జోలికి బోవలసినదే.

ఆ జోలికి బోయిన చిత్రములు రెండు రెండేండ్లలో వచ్చినవి. 2023 జూను 16వ తేదీన "ఆదిపురుష్", 2024 జూను 27వ తేదీన "కల్కి 2898 ఏ.డి." విడుదలయైనవి. రెంటను కథానాయకుడు శ్రీ ప్రభాసుగారే. వారి వంశమువారిది మన పశ్చిమగోదావరి మొగల్తూరు. (శ్రీ మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశమును ఆ యూరివాడే. ఆ నవల 1940లోనే చలనచిత్రమైనదని మన బాలురకు దెలియదు కాబోలు.) కావున ఈ తగవులు మన కాలువగట్లమీద గట్టిగానే వినబడినవి.

మొదటి చిత్రమును గూర్చి విశేషముగ వ్రాయ నక్కఱలేదు. హనుమంతునిచే సంతవీధిలోని యాకతాయివలె మాటలాడించిరి. దేశమంతట నాక్షేపణ లేచినది. నిర్మాతలు కొలదిదినములలోనే యా మాటలను మార్చిరి. తరువాత సంభాషణల రచయిత బహిరంగముగ క్షమాపణ చెప్పుకొనెను. వాల్మీకి సుందరకాండ నడిగినను, పల్లెటూరి తోలుబొమ్మలాటవాని నడిగినను హనుమంతుడు వాక్యకోవిదుడని చెప్పుదురు. కోపించినవారి పక్షముననే న్యాయమున్నది.

రెండవచిత్రపు మాట యంత సులభముగాదు. 2898వ సంవత్సరమున భూమి యెండి, గంగ యింకిపోయి, కాశి యొక్కటియే కడపటి పట్టణముగ మిగిలినదని దర్శకులు శ్రీ నాగ్ అశ్విన్‌గారు కల్పించిరి. పుట్టనున్న కల్కికి అశ్వత్థామ కావలికాయును. ద్రవ్యాశచే వేటాడుచు దిరుగు భైరవుడు కట్టకడపట కర్ణుడని తేలును. నడుమ కురుక్షేత్రమును చూపి, అందు అర్జునుని బాణమునుండి అశ్వత్థామను కర్ణుడు కాపాడినట్లు చిత్రించిరి. అంతట "కర్ణుడు గొప్పవాడా, అర్జునుడు గొప్పవాడా" యను వాదము రాష్ట్రమంతట రేగినది. అవధానులు శ్రీ గరికిపాటి నరసింహారావుగారు ఈ చిత్రణము నాక్షేపించిరి. మా పాఠశాలలో సైతము తొమ్మిది పది తరగతుల బాలురు రెండుపక్షములై, ఒకరి నొకరు పిలువరాని పేళ్లతో పిలుచుకొన్నారు. సెల్ ఫోనులలో వ్రాసికొన్న మాటలు అంతకంటె హీనమైనవని తల్లిదండ్రు లెఱుగుదురో లేదో!

ఈ పక్షములవారిని "నీవు భారతమున నేది చదివితివి?" అని యడిగిచూచితిమి. చదివినవాడొక్కడును లేడు. కర్ణపక్షమువాని కర్ణుడు 1977లో నందమూరి తారకరామారావుగారు స్వయముగ దర్శకత్వము వహించి, కృష్ణుడును దుర్యోధనుడును కర్ణుడును తామేయై నటించిన "దానవీరశూరకర్ణ"లోని కర్ణుడు. అదే సంవత్సరమున "కురుక్షేత్రము" అను చిత్రమందు కర్ణుడైనవారు మొగల్తూరు కృష్ణంరాజుగారు, అనగా ప్రభాసుగారి పెదతండ్రిగారు! ఇంచుమించు అర్ధశతాబ్దమునకు దరువాత ఆ కర్ణకుండలములు ఆ యింటనే నిలిచినవి. కావున మూలమును కాపాడుచున్నామని కేకలువేయువారిలో ననేకులు కాపాడునది వ్యాసుని మూలమును గాదు, తమ తండ్రులు చూచిన చిత్రమును.

మఱి మూలమందేమున్నది? అరణ్యపర్వపు ఘోషయాత్రలో గంధర్వులకు దుర్యోధనుడు చిక్కినపుడు కర్ణుడు రణము విడిచి పాఱిపోయెను. విడిపించినవారు పాండవులు. విరాటపర్వపు ఉత్తరగోగ్రహణమున అర్జునుడొక్కడే కౌరవసేన నంతటిని గెలిచెను. అందు కర్ణుడును గలడు. ఆ పర్వముననే కర్ణుని డాంబికములను అశ్వత్థామ నిష్ఠురముగ దూఱెను. కాని కర్ణుని దాతృత్వమును, మిత్రునియందలి నిలుకడయు అదే భారతమున నున్నవి. వాని చావు చదివి కంటతడి పెట్టనివాడు లేడు. వ్యాసుడు వానిని చిన్నచేయలేదు, అర్జునునికంటె పెద్దచేయను లేదు.

ఇంకొక వింత. సౌప్తికపర్వమున శ్రీకృష్ణుడు అశ్వత్థామను మూడువేల సంవత్సరములు దిక్కులేక తిరుగుమని శపించెను. చిత్రమువారి లెక్కనుబట్టి భారతము క్రీస్తుపూర్వము 3102లో ముగిసినది. దానికి 2898 కలిపిన నాఱువేలు. శాపము రెట్టింపైనదన్నమాట! దీనికై మా బాలురలో నొక్కడును కోపించినట్లు కానరాదు. తన వీరుడు గెలిచెనా యోడెనా యను చింతయే గాని మూలము చింత యెవ్వరికి?

మూలమును మీఱుటయే పాపమైనచో మన తెలుగు సాహిత్యమున మిగులునది స్వల్పము. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ భారతమును దెనిగించునపుడు శ్లోకమునకు శ్లోకము వ్రాయలేదు. పెంచవలసినచోట పెంచెను, తగ్గింపవలసినచోట తగ్గించెను. తిక్కన యేడువందల శ్లోకముల గీతను కొలదిపద్యములలో ముగించెను. కందుకూరి వీరేశలింగముగారు గోల్డుస్మిత్తు నవలను ధవళేశ్వరమునకు దెచ్చి రాజశేఖరచరిత్రము చేసిరి. చిలకమర్తివారి గయోపాఖ్యానమందలి కృష్ణార్జునయుద్ధము వ్యాసభారతమున లేనేలేదు. 1957 నాటి "మాయాబజారు"లోని శశిరేఖయు లేదు. మన తాతలు వీనిని నెత్తిన బెట్టుకొనిరి. మన సంగతియు నట్టిదే. ప్రతి క్రిస్మసునకును మా బాలురు ముగ్గురు జ్ఞానులై కాగితపు కిరీటములు ధరించి వత్తురు. మత్తయి సువార్తలో వారు ముగ్గురని లేదు, రాజులనియు లేదు. సత్రపువాడు తలుపు మూసినట్లు లూకా వ్రాయలేదు. అయినను మూడవజ్ఞాని వేషము తీసివేసితిమేని ఆ బాలుని తల్లియే వచ్చి మాతో తగవుపడును.

ఆ మార్పులు నచ్చి ఈ మార్పు నచ్చకుండుటకు కారణమేమి? మాకు తోచినది చెప్పెదము. మాయాబజారున శశిరేఖ క్రొత్తది గాని, కృష్ణుడు కృష్ణుడే, ఘటోత్కచుడు ఘటోత్కచుడే. సంఘటనలు మాఱినవి, స్వభావములు మాఱలేదు. అట్లే 2898లో కాశి యెట్లుండునో వ్యాసుడు చెప్పలేదు గనుక అందు దర్శకుడు సర్వస్వతంత్రుడు. అచ్చట ఆకాశమున యంత్రములెగిరినను, కర్ణుడు మఱల పుట్టినను మాకు కోపములేదు. నిజమునకు అంత పెద్ద యూహ తెలుగువాడు చేసినందుకు సంతోషమే. కురుక్షేత్రమున నేమి జరిగెనో మాత్రము వ్యాసుడు చెప్పియున్నాడు. అచ్చటికి వెనుకకుబోయి, ఒకని నెత్తుటకై యింకొకని తగ్గించుట న్యాయముగాదు. మిత్రుని కాపాడుట కర్ణుని స్వభావమునకు విరుద్ధముగాకపోయినను, ఇది చూచిన చిన్నవాడు అర్జునుని తక్కువవానిగ దలచును.

ఇట్లని చిత్రమును నిషేధింపుడని కాని, నటులను దూషింపుడని కాని మేము చెప్పము. దూషణము విమర్శగాదు. "విరాటపర్వమున నిట్లున్నది, చిత్రమున నట్లున్నది, ఇందువలన కథ కీ నష్టము కలిగినది" అని నాలుగువాక్యములు వ్రాయగలిగిన బాలుడు కోపించుటకు హక్కుగలవాడు. ఈ చిత్రమునకు రెండవభాగము తీయుదుమని నిర్మాతలు ప్రకటించియున్నారు. అది వచ్చులోపల మూలము చదువుటకు వేసవిసెలవులు చాలును. సినిమాటిక్కెట్టునకు వెచ్చించు రూకలలో కొంత పుస్తకమునకు వెచ్చింపుడని తల్లిదండ్రులకు మా విన్నపము.

తిరుమల తిరుపతి దేవస్థానమువారు వ్యాఖ్యానముతో ప్రకటించిన కవిత్రయభారతము మా పుస్తకభాండాగారమున నున్నది. అట్టలింకను క్రొత్తగనే యున్నవి. ఆ తగవు తరువాత విరాటపర్వము మాత్రము రెండుమాఱులు బయటికి బోయినది. కర్ణపక్షమువాడు మూడుదినములలోనే "అయ్యా, ఇందు మావాడోడినాడు" అని తిరిగి తెచ్చియిచ్చెను. అర్జునపక్షమువాడు ఇంతవఱకును తేలేదు.