108ల చేసినోని సర్టిఫికెట్ ఎవరిది?

అంబులెన్స్ ముందు సీట్ల కూసునేటోనికి లైసెన్స్ లేకుంటే పోలీసోళ్లు ఆపుతరు. వెనక సీట్ల కూసోని, ఆగిన గుండె మీద రెండు చేతులు పెట్టి ఒత్తేటోన్ని మాత్రం "నీ లైసెన్స్ ఏది?" అని ఎవ్వరూ అడగరు. అడిగినా చూపియ్యనీకి నా దగ్గర ఉన్నది కంపెనీ ఐడీ కార్డే. కొలువు ఇడిసిన దినం అదీ గుంజుకున్నరు.

ఎనిమిదేండ్లు ఆ వెనక సీట్ల ఈఎంటీగ చేసిన. బండ్లు గుద్దుకున్న కేసులు, పాము కరిసిన కేసులు, పురుగుల మందు తాగిన కేసులు, బండిలనే కాన్పులు, అన్నీ చూసిన. తర్వాత పట్నంల ఒక ప్రైవేట్ దవాఖానకు ఇంటర్వ్యూకు పోతే అడిగిన మొదటి మాట: "మీ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత?" నర్సుకు నర్సింగ్ కౌన్సిల్ నంబర్ ఉంటది. ఫార్మసిస్టుకు ఫార్మసీ కౌన్సిల్ నంబర్ ఉంటది. నా తాన ఉన్నది ఎక్స్‌పీరియెన్స్ లెటర్. జీతం వార్డుబాయ్ లెక్కల కట్టిండ్రు.

గిది నా ఒక్కని ముచ్చటైతే రాసేటోన్నే కాదు. ఇప్పుడు మన ఊర్లల్ల ఇంటర్ అయిపోయిన తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈ లైన్‌లకు రావాలని చూస్తున్నరు. వాళ్లు పైసలు కట్టకముందే కొన్ని సంగతులు తెలుసుకోవాలె.

108 మన హైదరాబాద్‌లనే 2005 ఆగస్టు 15న మొదలైంది. అప్పట్ల ఈఎంటీ అనే కొలువే మన కాడ కొత్త. అందుకే నర్సింగ్, ఫార్మసీ, బీఎస్సీ చదివినోళ్లను తీస్కొని, నడిపే సంస్థనే ట్రైనింగిచ్చి రోడ్డు మీదికి పంపింది. 2007ల అమెరికాల ఉన్న స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీతోని కలిసి రెండేండ్ల కోర్సు గూడ పెట్టింది. ట్రైనింగ్ మంచిగనే ఉండె, ఆ మాట కాదనను. తిప్పలేందంటే అది ఇంటి కాగితం. 108 నడిచేది సర్కారు కాంట్రాక్టు మీద. పక్కన ఆంధ్రల ఆ కాంట్రాక్టు ఒకటికి రెండుసార్లు చేతులు మారింది. బండి మీద పేరు మారుతది, యూనిఫాం మారుతది. పనిచేసే పిలగాడు గాడనే ఉంటడు, గాని ఆయన నేర్చుకున్నదాని మీద సర్కారు ముద్ర ఉండది.

దీనికి మందు అనుకోని 2021ల పార్లమెంట్ ఒక చట్టం చేసింది. పేరు పెద్దగనే ఉన్నది: జాతీయ అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం. దీని షెడ్యూల్‌ల ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్ పేరు గూడ ఉన్నది. అలైడ్ హెల్త్ వృత్తికి డిప్లొమానో డిగ్రీనో కావాలె, చదువు 2000 గంటలకు తక్కువ ఉండొద్దు, రెండు నుంచి నాలుగేండ్లు సాగాలె. ప్రతి రాష్ట్రం కౌన్సిల్ పెట్టి రిజిస్టర్ తెరవాలె. మూడేండ్లు గడిచినా అమలు సక్కగ లేకపోయేసరికి, 2024 ఆగస్టుల సుప్రీంకోర్టు రెండు నెలల గడువు పెట్టాల్సొచ్చింది.

ఆ 2000 గంటల లెక్క గుర్తుపెట్టుకోండ్రి. బస్టాండ్ గోడల మీద "మూడు నెలల్ల ఈఎంటీ, జాబ్ గ్యారంటీ" అని పోస్టర్లు చూస్తుంటం గద. రోజుకు ఆరు గంటలు, నెలకు 25 దినాలు చదివినా మూడు నెలలకు అయ్యేది 450 గంటలు. ఇగ మీరే లెక్క చూసుకోండ్రి. ఫీజు కట్టకముందే అడుగుండ్రి: పరీక్ష పెట్టేది ఎవరు? యూనివర్సిటీనా, పారామెడికల్ బోర్డా, లేకుంటే ఆ ఇన్‌స్టిట్యూట్ ఓనరేనా? ఏ దవాఖాన క్యాజువాలిటీల ప్రాక్టీస్ చేయిస్తరు? జవాబు నసిగితే లేసి వచ్చెయ్యుండ్రి.

సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన ఒడిసిపోదు. ఈ పనిల రూల్సే మారుతుంటయి. ఒకప్పుడు సీపీఆర్ అంటే ముందు నోరు, శ్వాస చూసుడు, తర్వాత ఛాతీ ఒత్తుడు. 2010ల అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ వరుస తిరగేసి, ముందు ఛాతీ ఒత్తాలన్నది. 2015ల నిమిషానికి 100 నుంచి 120 సార్లని లెక్క కట్టింది. 2009ల నేర్చుకొని మళ్ల బొమ్మ మీద చెయ్యి పెట్టనోడు పాత వరుసలనే ఉంటడు. గందుకే ఆ సంస్థ కార్డుకు రెండేండ్లే గడువు.

ఈడ ఒక సంగతి పట్నపోళ్లకు తెల్వది. రద్దీ ఉన్న పట్నం బండికి గుండె ఆగిన కేసులు తరుసుగ తగుల్తయి, చెయ్యి అలవాటుల ఉంటది. మా మండలం బండికి అసొంటి కేసు ఎప్పుడో ఒకటి. వాడని చెయ్యి నెలల్లనే మందమైతది. అంటే ప్రాక్టీస్ ఎక్కువ కావాల్సింది ఊరి ఈఎంటీకే. దొరికేది మాత్రం పట్నంల. నేను రెండుసార్లు రెన్యువల్ చేయించుకున్న. రెండుసార్లూ వేలల్ల ఫీజు నాదే, బస్సు కిరాయి నాదే, లీవు పెట్టినందుకు జీతం కట్ గూడ నాదే. అసొంటప్పుడు కార్డు గడువు దాటిందని ఎవర్నన్న తిట్టబుద్ధి కాదు నాకు.

చట్టం గట్టిగ పెడితే పాతోళ్ల కొలువులు పోతయని కొందరి భయం. ఆ భయం ఉత్తది కాదు. రాత్రికి రాత్రే డిప్లొమా తెమ్మంటే పదేండ్ల సంది బండి మీద ఉన్నోడు యాడికెల్లి తెస్తడు? వాళ్ల సర్వీసును లెక్కల పట్టి, తక్కువ పడ్డ సబ్జెక్టులు చెప్పి, బొమ్మ మీద చేయించి పరీక్ష పెట్టి రిజిస్టర్‌ల ఎక్కియ్యాలె. ఫెయిలైతే మళ్ల మళ్ల రాసుకునే మోక ఇయ్యాలె. పరీక్షే వద్దంటే మాత్రం నేను ఒప్పుకోను. బండిల పండేది మన అవ్వలు, నాయినలే.

దీనికి కొత్త బిల్డింగులు అక్కర్లేదు. తెలంగాణల ఇప్పుడు జిల్లాకో సర్కారు మెడికల్ కాలేజీ ఉన్నది. ఎంబీబీఎస్ పిల్లల కోసం స్కిల్ ల్యాబ్, అండ్ల బొమ్మలు ఉండాల్నని రూలే ఉన్నది. నెలకు రెండు దినాలు ఆ ల్యాబ్ ఈఎంటీలకు ఇస్తే సాలు. ఇగ 108 టెండర్‌ల ఒక్క షరతు చేర్చాలె: రెన్యువల్ ఫీజు, ఆ రెండు దినాల జీతం నడిపే సంస్థ పెట్టుకోవాలె, కార్డు మాత్రం పనిచేసేటోని పేరు మీద, వాని చేతులనే ఉండాలె.