పొలము గట్టుతో ముగియునా?

తొండూరు ప్రాంతపు రైతుబిడ్డను “మీ పొలమెంత?” యని యడిగినయెడల ఎకరములను సెంట్లను తడుముకొనక చెప్పును. “ఆ పొలమునకు నీరెచ్చటిది?” యని యడిగినయెడల “మా బోరులోనిది” యని యూరకుండును. ఈ రెండవ ప్రత్యుత్తరము మమ్ము చింతింపజేయుచున్నది.

1800వ సంవత్సరమున నిజాము ఈ సీమను కుంపిణీవారికి ఇచ్చివేసెను. స్కాట్లండు దేశీయుడగు తామస్ మన్రో 1807 వరకు ఇచ్చట కలెక్టరుగా నుండి, పొలము పొలమును కొలిపించి, ప్రతి రైతు పేరను వేరువేరుగ శిస్తు నిర్ణయించెను. పాళెగాండ్ర చేతులలో నలిగిన రైతునకు తన పేర పొలముండుట మేలే. కాని కాగితముపై గీచిన హద్దు వాననీటికి తెలియదు. గుట్టపై పడిన నీరు వంకలో దిగి, చెరువున నిలిచి, నేలలో నింకి, ఎందరి బావులకో ఊటయగుచున్నది.

ఈ సంగతి మన పూర్వులెరుగుదురు. మన జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369వ సంవత్సరమునాటిది. మంచి చెరువునకు పండ్రెండు అంగములుండవలెనని అందు చెప్పబడినది. నీరు తెచ్చు ఏరు, కొండ, చెంతనుండు రాతిగని, పండు నేల, ఇవియు నందు చేరినవి. అనగా చుట్టునున్నదంతయు చెరువులో భాగమే.

నేడు మనము చేయుచున్నదేమి? వంకను దున్ని పొలమున కలుపుకొందుము. గుట్టమీది చెట్లు నరుకుదుము. ఊట తగ్గినంతనే పొరుగువానికంటె లోతుగా బోరు వేయుదుము. ఆతడు మరింత లోతునకు పోవును. తుద కిరువురికిని మిగులునది అప్పే. అట్టి యప్పువలన తరగతిలో ఖాళీయైన చోటును మేము చూచియున్నాము.

వానలు చాలని సీమలో బోరు వేయక రైతేమి చేయునందురా? బోరు వలదనుట లేదు. నేలనుండి తీసికొన్న నీటిని నేలకు మరల నిచ్చుట మరువవలదందుము. ఆంధ్రప్రదేశమున 2002లో పుట్టిన చట్టము నీరు, భూమి, చెట్లు అను మూడింటిని ఒక్క పేరున గూర్చినది. చట్టము మంచిదే. కాని పొరుగువాని బావిని తన బావిగా తలచు బుద్ధిని చట్టము పుట్టింపజాలదు. దానిని ఇల్లును బడియు నేర్పవలెను.

కావున సెలవులకు ఇంటికి పోవు ప్రతి విద్యార్థియు తన పొలపు పటమును గీచి తేవలెనని కోరుచున్నాము. గట్టుకడ నాపవలదు. వాననీరు ఏ గుట్టపై పడి, ఎవరెవరి నేలలను దాటి, ఎచ్చట నిలుచునో అంతవరకును గీయుడు. ఆ పటమున పొరుగువాని బావికిని చోటుండవలెను.