ఇంటిల్లిపాదికీ ఒక యాత్ర

మన ఇళ్ళలో ప్రయాణానికి పెళ్ళి, చావు, వైద్యం – ఈ మూడే కారణాలు. కాస్త కలిగినవారైతే దర్గా జియారత్ నాల్గవది. ఊరక చూచి సంతోషించి వచ్చుటకై బయలుదేరడం మగపిల్లల హక్కుగానే మిగిలిపోయినది. విహారయాత్రకు పేర్లడిగినప్పుడల్లా అబ్బాయిల పట్టిక ఒక్క పూటలో నిండుతుంది. అమ్మాయిల పట్టికలో రెండు పేర్లు పడితే, మర్నాటికి వాటిలో ఒకటి కొట్టివేయవలసి వస్తుంది. “ఇంట్లో ఒప్పుకోలేదు సార్” అన్న మాటకు మనమందరం అలవాటు పడిపోయాము.

ఒప్పుకోని తండ్రిని ఛాందసుడని నిందించుట సులభం. నేను నిందించను. తెలియని ఊరు, తెలియని బస, పొద్దుపోయిన తరువాత చేరే బస్సు అంటే ఆడపిల్లను కన్న ఏ మతంవాడైనా జంకుతాడు. మహ్రం తోడు లేని దూరప్రయాణం తగదన్న మాట మన ఇళ్ళలో ఎటూ ఉన్నది. అయితే ఆ తండ్రిని, తల్లిని, వీలైతే అమ్మమ్మను కూడ అదే బండిలో ఎక్కించుకొని పోతే అభ్యంతరమేమిటి? కళాశాల కార్యవర్గం వారిని నేనడగదలచిన ప్రశ్న ఇదే.

అమెరికాలో మంచాలు, పొయ్యి, నీళ్ళతొట్టి అమర్చిన బండిలో సంసారమంతా సెలవులకు బయలుదేరుతుంది. అక్కడి ఉత్తరాది రాష్ట్రమైన మిన్నెసోటా తనను పదివేల సరస్సుల నేలగా బండ్ల నంబరు పలకల మీదనే చాటుకొంటుంది. ఆ వేడుకను విని మనం నోరెళ్ళబెట్టవలసిన పని లేదు. పరదా కట్టిన గూడుబండిలో బియ్యం మూట, పొయ్యిరాళ్ళు, పరుపుచుట్టలు వేసుకొని మన ముత్తవ్వలు చేసిన ప్రయాణం మరేమిటి? చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కుటుంబంతో, సుమారు నూరుగురు పరివారంతో కాశీకి బయలుదేరి, డేరాలలో మజిలీలు చేసుకొంటూ పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. తిరుగుదారిలో జగన్నాథం నుండి గంజాం, శ్రీకాకుళం సీమల మీదుగానే వచ్చాడు. చూచినదెల్లా మిత్రునికి వ్రాసి పంపినందువల్లనే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ అచ్చయినది. మన విద్యార్థులు యాత్రలో తీసుకొనే ఫోటోలలో పదోవంతు మాటలైనా వ్రాస్తే బాగుండునని తెలుగు ఉపాధ్యాయునిగా నా ఆశ!

ఆయన వచ్చిన ఆ దారినే మనం ఎదురుగా పోదాము. గోవాడ నుండి అనకాపల్లి చేరి, ముందుగా అచ్యుతాపురం వైపు తిరిగితే కొండకర్ల ఆవ. మన రాష్ట్రంలో కొల్లేటి తరువాత చెప్పుకోదగిన మంచినీటి సరస్సు మన ముంగిటనే ఉన్నది. తాటిబోదెలను తొలిచి, రెండింటిని జతగా కట్టిన దోనెలలో తామరల నడుమ తిప్పుతారు. గుర్రపుడెక్క అల్లుకొని నీటిని కమ్మివేసిన తావులూ కనబడతాయి. అదీ చూడవలసినదే. ‘ఆవ’ అన్న మాటకు అర్థం నిఘంటువులో కంటె ఆ దోనెలో కూర్చుంటేనే బాగా తెలుస్తుంది. ఉర్దూలో మనం ‘ఝీల్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకొంటాము. ఉత్తరాంధ్ర రైతు మాత్రం ఆవ వేరు, బీల వేరు, గెడ్డ వేరు అంటాడు.

శ్రీకాకుళం దాటి, టెక్కలి మీదుగా నౌపడా ఉప్పుకయ్యల వైపు పోతే తేలినీలాపురం. ఆ చిన్న పల్లె చింతచెట్ల మీద గూడబాతులు, రంగురంగుల కొంగలు ఏటేటా గూళ్ళు కట్టి పిల్లలను లేపుతాయి. పక్షులు వస్తే ఊరికి మంచిదని గ్రామస్థుల నమ్మకం. అందుచేత వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు. ఇవి సైబీరియా నుండి వచ్చిన పక్షులని అందరూ చెప్పుకొంటారు, పత్రికలూ వ్రాస్తాయి. కాని ఈ గూడబాతు దక్షిణాసియా పక్షి. సైబీరియాలో అది గుడ్లు పెట్టదు. ఎక్కడ గూడు కట్టి, ఎక్కడ పిల్లలను పెంచుతుందో అదే గదా దాని స్వదేశం. ఎక్కడినుండి వచ్చినావని ఎవరైనా అడిగిన అనుభవం గల మన పిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

సోంపేట దగ్గర ఆగక పోరాదు. అక్కడి బీల పైకి చూడటానికి బురదనేల. దాని మీద ఆధారపడినవారికి మాత్రం అదే చేపల చెరువు, పశువుల బీడు, పొలాలకు నీరు. బొగ్గు విద్యుత్కేంద్రం కోసం దానిని తీసుకోబోతే రైతులు, జాలరులు ఎదురు తిరిగారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయినవి. ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతి రద్దయినదీ ఆ రోజే. అర్థశాస్త్రం చదివే విద్యార్థికి ‘బంజరు’ అన్న పదం ఎవరు, ఎందుకు వాడుతారో అక్కడి గట్టు మీద నిలబడితే బోధపడుతుంది.

ఇచ్ఛాపురంతో మన రాష్ట్రం ముగుస్తుంది. ఒడిశాలో బరంపురం దాటి రంభ చేరితే చిలికా. వానకాలంలో వేయి చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకొనే ఉప్పుకలిసిన నీటి సరస్సు ఇది. భారతదేశంలో రామ్‌సార్ ఒడంబడిక క్రింద 1981లో తొలిగా గుర్తింపు పొందిన రెండు తావులలో ఒకటి. ఇసుక మేటవేసి సముద్రపు నీరు రాక కుంగిపోతుండగా 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం త్రవ్వారు. ఉప్పునీరు లోనికి వచ్చి కలుపు తగ్గినది, చేపలు పెరిగినవి. మనిషి చేయి పడి బాగుపడిన సరస్సులు అరుదు గనుక దీనిని చూపి తీరాలి.

ఇక ఖర్చు, ఏర్పాట్లు. పెద్ద హోటళ్ళ బస అక్కరలేదు. రెండు అద్దె వ్యానులు, ఒక గ్యాస్ పొయ్యి, గిన్నెలు, పరుపులు చాలు. సంక్రాంతి సెలవులు పక్షులకూ అనువైన కాలమే. వంట మాత్రం తల్లుల మీద వేయరాదు. వారు ఇంట్లో చేసే పనినే చెరువు గట్టున చేస్తే అది యాత్ర కాదు; గరిటె అబ్బాయిలు పట్టాలి. నమాజు మాట ఎత్తి వెనుకాడేవారికి నేను గుర్తుచేయనక్కరలేదు: ప్రయాణీకునికి నాలుగు రకాతులను రెండుగా కుదించుకొనే వెసులుబాటు ఉన్నది. భూమి మీద సంచరించి చూడమని దివ్య ఖుర్‌ఆన్ పలుమార్లు చెప్పినది ఒక్క మగవారికే కాదు గదా!

కార్యవర్గం వారు వచ్చే విహారయాత్ర నిధిలో సగమైనా ఇందుకు కేటాయించవలెనని నా మనవి. పేర్ల పట్టికలో విద్యార్థిని పేరు పక్కన ‘వెంట వచ్చువారు’ అని ఒక గడి గీయించండి. మొదటి వ్యానులో కిటికీ పక్క సీట్లు అమ్మమ్మలకు.