దాచుకోడానికి మన కాడ ఏముంది అంటారా?

నెట్‌లో మన వివరాలు జాగ్రత్త అంటే చాలు, "మనమేమన్నా దొంగలమా అన్నా, దాచుకోడానికి మన కాడ ఏముంది?" అంటారు. ఇస్కపల్లి నుంచి మైపాడు దాకా ఎవరినడిగినా ఇదే మాట.

రొయ్యల రైతు నోట ఈ మాట వింటే నాకు నవ్వొస్తుంది. గుంటలో వైట్ స్పాట్ కనపడిన రోజు మీరేం చేస్తారు? పక్క గుంట రైతుక్కూడా చెప్పరు. దొంగలనా? కాదు. 'ఎట్టాగూ పట్టేయక తప్పదు కదా' అని కొనేవాడు కిలోకి ఇరవయ్యో ముప్పయ్యో కోసేస్తాడని. మన అవసరం అవతలోడికి తెలిస్తే మన బేరం పడిపోతుంది. ప్రైవసీ అంటే ఇదే. పేరు కొత్తది గానీ, మనకు తెలియని సంగతేం కాదు.

మరి అదే రాత్రి గట్టు మీద కూర్చుని ఫోన్లో "వైట్ స్పాట్‌కి మందు" అని వెతుకుతారు. ఇంక చూసుకోండి, ఏది తెరిచినా మందుల ప్రకటనలే. ఆ వైరస్‌కి మందే లేదు. వాళ్లు అమ్ముకునేది మీ భయాన్ని. "అర్జెంటుగా అప్పు" అని వెతికితే లోన్ యాప్‌లు దిగుతాయి.

"ఇన్‌కాగ్నిటోలో చూస్తా" అనబాకండి. దాంతో మీ ఫోన్లో హిస్టరీ మిగలదు, అంతే. మీరు చూసిన సైటుకీ, నెట్ ఇచ్చే కంపెనీకీ తెలుస్తూనే ఉంటుంది. ఆ మోడ్‌లో కూడా వివరాలు పోగేస్తోందని అమెరికాలో 2020లో గూగుల్ మీద కేసు వేశారు. 2024లో రాజీకొచ్చి, వందల కోట్ల రికార్డులు చెరిపేస్తామని ఒప్పుకుంది.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం తేల్చింది. లోన్ యాప్‌లు కాంటాక్టులు, కాల్ లిస్టు, ఫైళ్లు ముట్టుకోకూడదని 2022లో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అయినా ఏ యాప్ ఏమడిగినా చదవకుండా 'అలో' నొక్కేది మనమే.

ఈ పూటే మూడు పనులు చెయ్యండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో యాడ్స్‌లోకి పోయి అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చెయ్యండి. గూగుల్ అకౌంట్‌లో మై యాక్టివిటీకి ఆటో డిలీట్ పెట్టండి. వాన కబురు చెప్పే యాప్‌కి మీ కాంటాక్టులతో పనేంది? ఆ పర్మిషన్ తీసేయండి.

పక్క గుంట రైతుకి చెప్పని మాట, ముక్కూమొహం తెలియని కంపెనీకి ఎందుకు చెప్తుండాం? ఆలోచించండి.